మేస్త్రి పేగులో పద్నాలుగు ఆకుకూరలు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో నా అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. "డైటమ్మ ఇల్లెక్కడ?" అని అడిగితే మాత్రం న్యూ సెటిల్‌మెంట్‌లో ఎవరైనా చూపిస్తారు. రైల్వే ఆస్పత్రిలో డైటీషియనుగా చేరిన కొత్తలో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. ఇంత చదువు చదివి, తెల్లకోటు వేసుకుని, చివరికి జనానికి ఆకులూ అలములూ తినిపించే అమ్మనయ్యానా అనుకునేదాన్ని. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే నన్ను కాదేమో అనుకుని పలకడం లేదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ తమ పేషెంట్ల గురించి మొర పెట్టుకుంటారు. మొన్న ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, ఏ విటమిన్ తింటే పెద్దపేగు క్యాన్సర్ రాదని అందరూ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?" ఆ ప్రశ్న వినగానే నాకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు ఒక మేస్త్రి కూడా గుర్తొచ్చాడు. ఆ పిల్లకు చెప్పిన సంగతే ఇక్కడ మీ అందరికీ చెబుతున్నాను. పాఠమనుకోకండి, పాఠాలు చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

ఆ మేస్త్రి వర్క్‌షాపులో చక్రాల షాపులో పనిచేసేవాడు. రైలుపెట్టెల చక్రాలూ ఇరుసులూ విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించే చోటది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఆయన అన్న కూడా అదే వర్క్‌షాపులో చేసేవాడు. రిటైరైన కొద్దికాలానికే పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. కర్మకాండలు అయీ అవకముందే తమ్ముడు నా గది ముందు బెంచీ మీద వచ్చి కూర్చున్నాడు.

"మా యన్న తిండి సరిగ్గా తిన్నేదమ్మా, అందికే పోయినాడు," అన్నాడు లోపలికి వచ్చీ రాగానే. "నాను అలగ పోకూడదు. ఏటి తినమంటే అది తింతాను. ఏటి మానీమంటే అది మానేస్తాను. మీరు రాసియ్యండి."

మామూలుగా నేను రాసిచ్చిన డైట్ చార్టుల గతి నాకు తెలుసు. మడిచి బీరువాలో పెట్టేవాళ్ళు మంచివాళ్ళు. ఒకావిడ నేను రాసిన చార్టులోనే ఎండు రొయ్యలు పొట్లం కట్టి నాకే బహుమతిగా తెచ్చింది. అలాంటి నాకు ఏం చెప్పినా తింటాననే మనిషి దొరకడంతో ప్రాణం లేచొచ్చింది. శ్రద్ధగా కూర్చోబెట్టి చెప్పాను. మాంసం తగ్గించు, చుట్ట మానెయ్, పొద్దున చోడి అంబలి, అదే రాగి అంబలి తాగు, మధ్యాహ్నం ఆకుకూర, సాయంత్రం ఏదో ఒక పండు. ఇవన్నీ తింటే పెద్దపేగుకు మంచిదని కూడా చెప్పాను. ఇందులో అబద్ధమేమీ లేదు.

మేస్త్రి ఆ మాటలను వేదంగా పట్టుకున్నాడు. చుట్ట ఆ రోజే మానేశాడు. మాంసం తగ్గించమంటే ఇంటి గడప తొక్కనివ్వడమే మానేశాడు. ఆయన భార్య క్వార్టరు వెనక ఉన్న కాస్త జాగాలో తోటకూర, బచ్చలి, మెంతికూర వేసింది. అవి చాలక ఆయన సైకిలు మీద గోల్‌బజార్ వెళ్ళి బెంగాలీవాళ్ళు తినే ఎర్రాకుల లాల్ శాక్, నీళ్ళలో పెరిగే కల్మీ శాక్ కట్టలు కట్టలుగా తెచ్చేవాడు. మధ్యాహ్నం టిఫిను మూత తీస్తే అన్నం కనిపించదని షాపులో వాళ్ళు ఏడిపించేవారు.

అక్కడితో ఆగితే నేను ఇన్ని మాటలు చెప్పాల్సి వచ్చేది కాదు. ఆకుల్లో మంచి చేసేవి విటమిన్లని ఎవరో చెప్పారు. మరి విటమిన్లనే సూటిగా మింగితే ఇంకా మంచిది కదా అన్నది ఆయన లెక్క. మన రైల్వేవాళ్ళకు ఆస్పత్రి బి-కాంప్లెక్సు అంటే ఒక హక్కు. జ్వరమొచ్చినా, కాలు బెణికినా, "దాదా, ఆ పచ్చ మాత్రలు కూడా రాయండి" అని అడిగి తీసుకుంటారు. తమకు అక్కర్లేకపోతే తోడల్లుడికి పంపుతారు. మేస్త్రి అలా ఊరందరి వాటా పోగేశాడు. అవి కాక మందుల షాపులో నారింజరంగు సి బిళ్ళలు, ఆకుపచ్చ ఇ గుళికలు, డి పొడి, ఫోలిక్ యాసిడ్ మాత్రలు కొనేవాడు. చక్రాల షాపులో ఆయన పేరు "మెడికల్ హాల్" అయిపోయింది. మూత్రం పచ్చగా వస్తోందంటే మందు ఒంట పడుతోందని ఆయన నమ్మకం.

"అవన్నీ దండగ మేస్త్రీ," అని నేను చాలాసార్లు చెప్పాను. "ఒంట్లో లోటు లేనప్పుడు గుప్పెళ్ళు గుప్పెళ్ళు మింగితే ఒరిగేదేమీ లేదు."

"దండగైతే అవ్వనీండమ్మా. నష్టం నేదు కదేటి?" అనేవాడు.

ఆ ప్రశ్నకు కొత్తగా వచ్చిన మీరూ జవాబు తెలుసుకోవాలి. ఆకుకూరలూ పళ్ళూ పీచు ఉన్న తిండీ తినేవాళ్ళకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కొంత తగ్గవచ్చు. కాని అదే మేలు మాత్రలతో వస్తుందని గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరు. పేగులో అప్పటికే పెరుగుతున్న కణితిని ఏ విటమినూ మాయం చేయదు. ఫోలిక్ యాసిడ్ అతిగా మింగితే అలాంటి కణితికి మేలో కీడో కూడా తేలలేదని మా డాక్టరు అనేవాడు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. గుప్పెడు మాత్రలు మింగిన మనిషి తనకిక ఏమీ రాదని ధీమాగా ఉంటాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. మేస్త్రి రిటైర్మెంటు దగ్గరపడింది. ఒకరోజు ఆయన భార్య ఆయన్ని చెయ్యిపట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఎప్పుడూ నీరసం అని చెప్పింది. రక్తపరీక్షలో రక్తం బాగా తక్కువగా ఉందని తేలింది. అప్పట్లో వారానికోసారి కలకత్తా నుంచి మా ఆస్పత్రికి పేగుల డాక్టరు వచ్చేవాడు. మనిషి కుర్రవాడే, బెంగాలీ. నోరు పెద్దదైనా మనసు మంచిది. ఇన్ని విటమిన్లు మింగే మనిషికి రక్తం ఎందుకు తగ్గిందని అతనికి అనుమానం వచ్చింది. మలపరీక్ష చేయిస్తే కంటికి కనపడని రక్తం పోతోందని వచ్చింది. అన్న సంగతి కూడా విన్నాక, వెంటనే కొలనోస్కోపీ చేయాలన్నాడు. అంటే కిందినుంచి గొట్టం పంపి పెద్దపేగు మొత్తం కెమెరాతో చూడటం.

మేస్త్రి నవ్వేశాడు. "అది రక్తం కాదమ్మా, లాల్ శాక్ రంగు. డాక్టరుబాబుకి తెలీదు పాపం." బెంగాలీవాడికి లాల్ శాక్ సంగతి తెలియదనడం మేస్త్రికే చెల్లింది. చివరికి భార్య కన్నీళ్ళు పెట్టుకుంటే సరేనన్నాడు. కాళీపూజ మర్నాటికి డాక్టరు తేదీ ఇచ్చాడు.

ఆ పరీక్షకు ముందు పేగు శుభ్రంగా ఉండాలి. ఏం తినాలో చెప్పే పని నాది. ఆ చిక్కు మీకు అర్థమవుతోందా? రెండేళ్ళుగా ఏవైతే తినమని చెప్పానో సరిగ్గా అవన్నీ మూడు రోజులు మానమని చెప్పాలి. ఆకుకూర వద్దు, చోళ్ళు వద్దు, గింజలున్న పళ్ళు వద్దు, మాత్రలు వద్దు. తెల్లన్నం, వడకట్టిన పప్పుతేట, మజ్జిగ, అంతే. చివరి రోజు అదీ లేదు. ఉప్పుమందు కలిపిన నీళ్ళు జగ్గులు జగ్గులుగా తాగి కడుపు కడిగేసుకోవాలి.

మేస్త్రి ముఖం పాలిపోయింది. "ఇన్నాళ్ళూ తినమన్నారు. ఇప్పుడు మానీమంతన్నారు. ఆ మూడ్రోజుల్లోనే అది వచ్చీస్తే ఏటి సెయ్యాలమ్మా?"

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

కాళీపూజ మర్నాడు పొద్దున్నే నేను నా గదిలో వార్డు కూరల లెక్క చూసుకుంటున్నాను. స్కోపీ గదిలో పనిచేసే సిస్టరు పరుగెత్తుకొచ్చింది. ఆమెదీ నాదీ పాత స్నేహం. మధ్యాహ్నం ఆమె చేపల కూర, నా పులుసు పంచుకునేవాళ్ళం. "దీదీ, డాక్టరుగారు మిమ్మల్ని వెంటనే రమ్మంటున్నారు," అంది. నవ్వు ఆపుకోలేకపోతోంది. ఏమైందని అడిగితే, "వచ్చి చూడండి, అది మీ డిపార్ట్‌మెంటే" అంది.

గదిలో మేస్త్రి మగత మందు ప్రభావంలో పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. డాక్టరు చేతిలో గొట్టం, ఎదురుగా తెర. ఆ తెరమీద పేగు గోడలు కనిపించాల్సిన చోట ఆకులు కనిపిస్తున్నాయి. నేను అబద్ధం చెప్పడం లేదు. తరిగిన ఆకులు, కాడలు, చిన్న చిన్న ఈనెలు, అన్నీ పచ్చగా అతుక్కుని ఉన్నాయి.

"దీదీ, మీరు ఈయనకు ఏం పెట్టమన్నారు?" అన్నాడు డాక్టరు హిందీలో, కోపం దాచుకోకుండా. నేను నోరు తెరిచేలోగా తెర దగ్గరికి వంగి చూశాడు. "ఆగండి, ఆగండి. ఇది ఒక్క శాక్ కాదు. అరే బాబా, ఇది చోద్దో శాక్! మొన్న మా అమ్మ నాకూ పెట్టింది!"

బెంగాలీవాళ్ళకు కాళీపూజ ముందురోజు చతుర్దశినాడు పద్నాలుగు రకాల ఆకుకూరలు కలిపి వండుకుని తినే ఆచారం ఉంది, అదే చోద్దో శాక్. ఆ రోజు తిరిగే దెయ్యాలు దగ్గరికి రాకుండా ఉంటాయని నమ్మకం. బజారులో పద్నాలుగు రకాలూ ఒకే కట్టగా కట్టి అమ్ముతారు. మన తెలుగు ఇళ్ళలో చేసుకోరు గాని, పక్కింటి బెంగాలీ వదిన, వాళ్ళ మాటలో బౌదీ, గిన్నెతో పంపితే ఎవరూ వద్దనరు. ప్రసాదంలాంటిదే కదా అంటారు.

బయట బెంచీ మీద కూర్చున్న మేస్త్రి భార్యను పిలిచి నిలదీశాం. "పక్కింటి బౌదీ పంపింది. నాను దాసీసినానమ్మా, నిజంగా దాసీసినాను. ఆయనే ఎతికి తీసుకుని తిన్నాడు. పద్నాలుగు ఆకులు, ఒక్క పూటలో పద్నాలుగు, మానీమంటే ఎలగే అన్నాడు," అని ఏడుపూ నవ్వూ కలిపి చెప్పింది. "మరి ఉప్పుమందు నీళ్ళు?" అని అడిగాను. ఆవిడ తల దించుకుంది. "సగం తాగినాడు. సగం బచ్చలి పాదులో పోసీసినాడు. రెండేళ్ళు కూడబెట్టిన విటమిన్లన్నీ కొట్టుకుపోతాయంట."

డాక్టరు గొట్టం బయటికి తీసి చేతులు కడుక్కున్నాడు. కోపం పోయి నవ్వుతున్నాడు గాని, మాట మాత్రం గట్టిగా చెప్పాడు. "కొంతదూరమే చూడగలిగాను. పైభాగం ఏమీ కనపడలేదు. రక్తం ఎక్కణ్ణుంచో పోతోంది. వచ్చేవారం మళ్ళీ చేయాలి. ఈసారి పేగులో కూరల దుకాణం ఉండకూడదు."

మగత దిగాక మేస్త్రి లేచి కూర్చున్నాడు. ఆయన విన్నది ఒక్కటే, ఏమీ కనపడలేదని. "సూసినారు కదా. ఏటీ నేదు. ఇంకెందుకు?" అని చొక్కా తొడుక్కున్నాడు. ఎంత చెప్పినా వినలేదు. రెండోసారి ఆ గదిలోకి రానని, కావాలంటే రాసిస్తానని అన్నాడు. భార్య డాక్టరు ముఖమూ నా ముఖమూ మార్చి మార్చి చూసింది. చాలా భయపడింది ఆవిడ.

ఆ సాయంత్రం సిస్టరు నన్ను ఊరుకోనివ్వలేదు. "మీ భక్తుడు మీ మాటే వినాలి. మీరే వెళ్ళండి దీదీ," అంది. నాకూ మనసు మనసులో లేదు. ఆయన పేగులో ఏదో ఉంటే, దాని మీద ఆకులు కప్పి కూర్చున్నాడు ఆ మనిషి. ఆ ఆకులు తినమన్నది నేనే.

ఆదివారం న్యూ సెటిల్‌మెంట్‌లో వాళ్ళ క్వార్టరుకు నడిచి వెళ్ళాను. దారి పొడుగునా ఒక మంచి వాదన తయారుచేసుకున్నాను. నాకు అది చాలా నచ్చింది కూడా. కుర్చీలో కూర్చుని టీ గ్లాసు పట్టుకుని మొదలుపెట్టాను. "మేస్త్రీ, మీ షాపులో ఇరుసులకు గ్రీజు బాగానే పెడతారు కదా. గ్రీజు పెట్టామని పగుళ్ళు ఉన్నాయో లేవో మిషను పెట్టి చూడటం మానేస్తారా? తిండి గ్రీజు లాంటిది. ఈ పరీక్ష ఆ మిషను లాంటిది."

మేస్త్రి ఆలోచించాడు. "ఇరుసుని ఎలగ తిరగేసి సూసినా దానికి సిగ్గు నేదమ్మా. భయం కూడా నేదు," అన్నాడు. నా వాదన అక్కడితో అయిపోయింది. టీ తాగడం మొదలుపెట్టాను.

అప్పుడే ఆయన వదిన వచ్చింది. చనిపోయిన అన్న భార్య. కొడుకుతో ఝపటాపూర్‌లో అద్దె ఇంట్లో ఉంటోంది. మేస్త్రి భార్యే కబురు పెట్టి పిలిపించిందని తర్వాత తెలిసింది. ఆమె గడప దగ్గరే కూర్చుని, మరిదిని పరీక్షకు వెళ్ళమని మెల్లగా అడిగింది.

"నాకేటి వదినా, నాను అన్నలాగ తింతన్నానేటి?" అన్నాడు మేస్త్రి, ఎప్పుడూ చెప్పే ధోరణిలోనే. "అన్న తిండి సరిగ్గా తిన్నేదు, అందికే..."

"ఆపు బాబూ." ఆమె గొంతు పెద్దది కాలేదు గాని ఆయన ఆగిపోయాడు. "నీ అన్న ఏటి తిన్నాడో నీకేటి తెలుసు? వండింది నాను. పెట్టింది నాను. పూటకి ఆకుకూర నేకపోతే కంచం ముందు కూకునేవోడు కాడు. నీ పెళ్ళానికి నాను ఇచ్చిన ఈ తోటకూర యిత్తనాలు ఆయన దాసినవే. మాంసం తిన్నాడంటే మీ షాపోళ్ళ పిక్నిక్కులకి నువ్వు తీసుకెళ్తేనే తిన్నాడు."

"వదినా, నాను అలగ..."

"రెండేళ్ళ నుంచి సెప్తన్నావు. గుడి కాడ సెప్పినావు, షాపులో సెప్పినావు, మా యమ్మ ముందు కూడా సెప్పినావు. అన్న తిండి సరిగ్గా తిన్నేదని. అంటే ఏటి దానర్థం? నాను సరిగ్గా పెట్టనేదనే కదా? నాను సంపీసినాననే కదా?" ఇప్పుడు ఆమె ఏడుస్తోంది. "నీ అన్న తప్పు సేసి పోనేదు బాబూ. రోగమొచ్చి పోయినాడు. రక్తం పడతంటే మొలలని నాకు కూడా సెప్పకుండా దాసీసినాడు. టయానికి సూపించుకోనేదు. అదొక్కటే."

ఆమె లేచి చెంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. వెనకాలే మేస్త్రి భార్య పరుగెత్తింది. గదిలో నేనూ ఆయనా మిగిలాం.

"అన్నకి ఆ గొట్టం ఏసి సూసినారమ్మా," అన్నాడు. "సూసిన మూడు నెలలకి పోయినాడు. ఆ గది కాడే కూకున్నాను నాను. ఆ తలుపు సూస్తేనే నాకు వణుకు. ఆకులు తింటే, మాత్రలు మింగితే, ఇంక ఆ గదిలోకి ఎల్లక్కర్నేదనుకున్నాను."

నేను ఆయనకు ఏ పోలికా చెప్పలేదు. నాకూ భయంగానే ఉందని చెప్పాను. వెళ్ళకపోతే ఇంకా భయంగా ఉంటుందని చెప్పాను. ఆ రోజు ఇంటికి నడిచి వెళుతూ ఆమె మాటలే తలుచుకున్నాను. ఇది తింటే ఆ జబ్బు రాదని మనం చెబుతూ పోతే, జబ్బు వచ్చినవాళ్ళు తప్పు చేసినవాళ్ళయిపోతారు. వాళ్ళకు వండిపెట్టిన ఆడవాళ్ళు ఇంకా పెద్ద తప్పు చేసినవాళ్ళయిపోతారు. నా ఉద్యోగంలో ఎన్ని చార్టులు రాశానో, ఒక్కదాన్లోనూ ఈ సంగతి లేదు.

మంగళవారం మేస్త్రి తనే ఆస్పత్రికి వచ్చి తేదీ రాయించుకున్నాడు. మాత్రల డబ్బా నా బల్ల మీద పెట్టి, "ఇవి మీ కాడే ఉంచీయండమ్మా, ఇంట్లో ఉంటే నా సెయ్యి ఊరుకోదు," అన్నాడు.

ఆ మూడు రోజులు ఆయన ఇంట్లో కాపలా చూడాల్సిందే. భార్య వంటింటికి గొళ్ళెం పెట్టింది. పద్నాలుగు కూరలు పంపిన బౌదీ సిగ్గుపడి, తనే తెల్లన్నం మెత్తగా వండి తెచ్చి దగ్గర కూర్చుని తినిపించింది. మెంతికూర, బచ్చలి కోసి వీధిలో అందరికీ పంచేశారు. చివరి రోజు ఉప్పుమందు నీళ్ళు ప్రతి గ్లాసూ భార్య ఎదురుగా నిలబడి తాగించింది. ఇక ఆ రోజంతా మేస్త్రి కాపురం బాత్రూములోనే. సాయంత్రం నాకు ఫోను చేసి, "అమ్మా, ఇంక నా లోపల సిన్నప్పుడు తిన్నది కూడా మిగల్నేదు," అన్నాడు. నీరసంగానే ఉన్నా నవ్వుతున్నాడు.

మర్నాడు ఆ గది తలుపు ముందు నేను, ఆయన భార్య కూర్చున్నాం. మేస్త్రి లోపలికి వెళ్ళేముందు ఒక్కసారి ఆగాడు. తలుపు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. లోపలికి వెళ్ళాడు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. నేను అక్కడ డైటీషియనుగా కూర్చోలేదు. అది నాకు బాగా గుర్తు.

డాక్టరు బయటికి వచ్చి నేరుగా మా దగ్గరికే వచ్చాడు. "ఈసారి పేగు అద్దంలా ఉంది," అన్నాడు. "పైభాగంలో ఒక పాలిప్ ఉంది. చిన్న పుట్టగొడుగులా కాడతో సహా పెరిగింది. రక్తం పోయేది దాన్నుంచే. మొదలంటా కోసి తీసేశాను. పరీక్షకు పంపుతున్నాను. ఒక వారం ఆగండి."

ఆ వారం ఎలా గడిచిందో నేను చెప్పక్కర్లేదు. మేస్త్రి డ్యూటీకి వెళ్ళాడు గాని పనిచేయలేదట. షాపులో ఎవరూ ఏడిపించలేదట. నేను వార్డులో ఒక షుగరు పేషెంటుకు రెండుసార్లు పాయసం రాయబోయాను.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు మమ్మల్ని ముగ్గుర్నీ లోపలికి పిలిచాడు. కాగితం పక్కన పెట్టి మాటలతోనే చెప్పాడు. "క్యాన్సర్ లేదు. కణాలు మారడం మొదలుపెట్టాయి, అంతే. అలా వదిలేస్తే కొన్నేళ్ళకు క్యాన్సరే అయ్యుండేది. ఇప్పుడు మొత్తం తీసేశాం. మూడేళ్ళకు మళ్ళీ ఒకసారి చూద్దాం. మీరు ఇంటికి వెళ్ళొచ్చు, దాదా."

మేస్త్రి వెంటనే లేవలేదు. "నేదా?" అని అడిగాడు. డాక్టరు మళ్ళీ చెప్పాడు. "నిజంగా నేదా?" అని మళ్ళీ అడిగాడు. ఆయన భార్య మాత్రం కుర్చీలోంచి లేచి పక్కనే నిలబడ్డ సిస్టరును వాటేసుకుని గట్టిగా నవ్వేసింది. వాళ్ళను చూసి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఎన్నో ఏళ్ళు ఆ ఆస్పత్రిలో పనిచేశాను, అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజు ఇంకొకటి లేదు.

ఈ జబ్బు రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ కనుక, అన్న పిల్లలు కూడా తగిన వయసులో చూపించుకోవాలని డాక్టరు చెప్పి పంపాడు. మేస్త్రి ఆస్పత్రి గేటు దగ్గర టోటో, అంటే బ్యాటరీ రిక్షా ఆపి, ఇంటికి కాకుండా ఝపటాపూర్ పోనిమ్మన్నాడు. నన్నూ ఎక్కమన్నాడు. ఎక్కి కూర్చున్నాను.

వదిన వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూడగానే చేతిలో తడిచీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మేస్త్రి గేటు దాటి లోపలికి వెళ్ళలేదు.

"ఏటీ నేదంట వదినా. తీసేసినారు."

ఆమె చీర తీగమీద వేసి, ఆ తీగనే పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అన్న ఏ తప్పూ సెయ్యనేదు," అన్నాడు మేస్త్రి. "నువ్వు బాగానే పెట్టినావు. అందరికీ అబద్ధం సెప్పినాను నాను. మళ్ళీ అందరికీ నానే సెప్తాను. నన్ను సమించు."

ఆమె ముఖం తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత ఇంటిలోపలికి చూసింది. లోపల ఆమె కొడుకు డ్యూటీకి తయారవుతున్నాడు.

"మా వోడికి కూడా సూపించాలేటి?" అని అడిగింది భయంగా.

"సూపించాలి వదినా. కానీ భయపడకు," అన్నాడు మేస్త్రి, గేటు తీసుకుని లోపలికి వస్తూ. "ఆడితో నానే ఆ గది దాకా ఎల్తాను. తలుపు కాడ నానే కూకుంటాను."